తువ్వాల కింద బేరం

ఫిబ్రవరి 2, ఆదివారం

బీదర్ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అక్క రొట్టెల బండి నిలబడే చోట ఇప్పుడు నడుములోతు గుంత. బండిని నేను పనిచేసే ప్రెస్సు వెనక సందులోకి తోసి గొలుసు వేశాను. రొట్టెలు కాల్చే పెంక, పీట, జొన్నపిండి డబ్బా గదిలోకి తెచ్చుకున్నాం. ఇక నేను కాళ్ళు చాపుకోవడానికి లేదు.

పొద్దున అక్క అత్తవారి ఊరు హుమ్నాబాద్ నుంచి పెద్దమనుషులు వచ్చారు. బావ రాలేదు. వాళ్ళు చాప మీద కూర్చుని అక్క చేసిన రొట్టెలు తిన్నారు. "మమత చేతి రొట్టె మమత చేతి రొట్టెనే" అన్నారు. చేతులు కడుక్కున్నారు. ఆ రొట్టెలు చేసిన మనిషిని వెనక్కి పంపమన్నారు. బాపు మొగుడంపల్లి నుంచి తొలి బస్సుకే వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు గానీ నోరు విప్పలేదు. నేను విప్పాను. ఆడది ఎవరి ఆస్తీ కాదన్నాను. ఇంకా చాలా అన్నాను. వాళ్ళలో ఒకాయన నావైపు కాకుండా బాపు వైపు చూసి, "పిల్లగాడు మస్తు చదివిండే" అన్నాడు. అందరూ నవ్వారు.

చివరికి మాట ఇచ్చింది అక్కే. "ఉగాది దాక ఆగున్రి. గప్పటికి నాకు సొంతంగ ఒక మడిగె కుదిరితే మల్ల ఎవ్వరు నన్ను రమ్మని అడగొద్దు. కుదరకపోతే నేనే వస్త."

వాళ్ళు పోయాక అరిచాను. ఎందుకు ఒప్పుకున్నావు, వాళ్ళకేమన్నా బాకీ పడ్డావా అని.

"ఒప్పుకోకుంటె ఇయ్యాల్నే తీస్కపోతుండిరి" అంది పిండి జల్లిస్తూ.

బావ కొట్టడు. తాగడు. అందుకే అందరూ మంచోడంటారు. పనికి పోయేటప్పుడు అక్కను లోపల ఉంచి బయట గొళ్ళెం పెట్టి, తాళం వేసి, చెవి జేబులో వేసుకుని పోతాడు. అంతే.

ఫిబ్రవరి 3

మడిగె దొరుకుతుంది. ఇంత ఊళ్ళో కిరాయికి ఒక్క దుకాణం షటర్ దొరకకపోవడమేమిటి.

ఫిబ్రవరి 7

పాత బస్టాండు నుంచి రైల్వే స్టేషన్ దాకా కిరాయి బోర్డున్న ప్రతి మడిగె దగ్గరా ఆగాను. అందరిదీ ఒకటే ప్రశ్న.

"ఎవరు పంపిన్రు?"

"ఎవరూ పంపలేదు. బోర్డు చూసి వచ్చాను."

"ఎవర్నన్న తోలుకొని రా, మాట్లాడుదాం."

మధ్యలో ఇంకొకడు నిలబడకుండా ఈ ఊళ్ళో ఇద్దరు మనుషులు మాట్లాడుకోలేరా? మొన్న మా ప్రెస్సులో అచ్చయిన కరపత్రంలో ఉంది: పండించేవాడికీ తినేవాడికీ నడుమ నిలబడి ఇద్దరి నోళ్ళూ కొట్టేవాడే దళారి. ఆ కాపీలన్నీ నా చేతులతో మడిచాను. ఒకటి దాచుకుని ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను. అక్కకు చదివి వినిపిస్తే మొత్తం విని, "మంచిగ రాసిండు. వీరప్ప మామకు చెప్పిన, ఐతారం వస్తనన్నడు" అంది.

వీరప్ప ఈ ఊరి దలాల్. ఒకప్పుడు పశువుల అంగడిలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడట. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ఆయన షటర్లకు మారాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

వచ్చాడు. తెల్ల ధోతి, భుజం మీద ఎర్రంచు తువ్వాల. రొట్టె తుంచి, నమిలి, తల ఊపి, అప్పుడు నన్ను చూశాడు.

"ఏం పేరు పిల్లగా?"

"క్రాంతి కుమార్."

"గీ పేరుతోని కిరాయికి అడిగితే ఎవడిస్తడు బిడ్డా? బేరంకాడ నువ్వు జర ఎన్కకు నిల్చో."

అక్క నవ్వు ఆపుకుంది. నాకు మండింది. "నీ కమిషన్ ఎంత?" అన్నాను.

"ఒక నెల కిరాయి. అటు దిక్కు ఒకటి, ఇటు దిక్కు ఒకటి."

"రెండు దిక్కులా తింటావన్నమాట."

"తిట్లు గూడ రెండు దిక్కుల తింట గద!" అని ఇంకో రొట్టె అడిగాడు.

ఫిబ్రవరి 13

పార్వతమ్మ మడిగె చూశాం. ఆవిడకు వరసగా మూడు ఉన్నాయి, వెనకే ఇల్లు. ఒక దాంట్లో సంగప్ప కిరాణా, ఒక దాంట్లో టైలరు, చివరిది ఖాళీ. ఆవిడ పెనిమిటి చెన్నబసప్ప ఎడ్ల వ్యాపారి. చనిపోయాడు. ఇప్పుడు పెత్తనమంతా కొడుకు రాకేశ్‌ది.

వీరప్ప లోపలికి పోగానే గోడ మీద అరచెయ్యి వేసి తేమ చూశాడు. మీటరు వేరుగా ఉందా అని వెతికాడు. వెనక గోడకు రంధ్రం కొట్టి గొట్టం పెట్టొచ్చా అని చూశాడు. "పొగ పక్క మడిగెలకు పోయిందంటే నెల తిరగకముందే లొల్లి" అన్నాడు. అక్క చెవి దగ్గర మెల్లగా, "నచ్చిందని మొఖంల పెట్టకు బిడ్డా, మొఖం చూసి కిరాయి పెరుగుతది" అన్నాడు.

అక్కకు అది చేతకాదు. షటర్ కిందికి గుంజింది, పైకి లేపింది, మళ్ళీ గుంజింది. కింద కూర్చుని తాళం పడే కొండీని వేలితో తడిమింది.

"మామా, దీని తాళంచెవి ఎవరి తాన ఉంటది?"

"కిరాయి కట్టేటోళ్ళ తాన."

"ఒక్కటేనా? ఇంటోళ్ళ తాన ఇంకొకటి ఉంటదా?"

"రెండు చెవులు నీకే ఇప్పిస్త. కాగితంల రాయిస్త."

దారి పొడుగునా అక్క నవ్వుతూనే ఉంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

వీరప్ప అక్కకు పాఠం చెప్పడానికి వచ్చాడు. అంగడిలో ఎడ్ల ధర నోటితో చెప్పరట. తువ్వాల కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారట. ఎన్ని వేళ్ళు పడితే అంత. పార్వతమ్మ ఇంట్లో ఇప్పటికీ అదే ఆనవాయితీ అట.

"దాచడం దేనికి? ఇది దొంగల బేరం. ధర గోడ మీద రాయాలి, ఊరంతా చదవాలి" అన్నాను.

"కాదన్నా ఔనన్నా ఎవ్వరి ఇజ్జత్ పోవద్దని బిడ్డా. అన్నం ఉడుకుతుంటె మూత పెడ్తరు. దొంగ అన్నమా అది?"

"అన్నానికీ అన్యాయానికీ పోలికా?"

"క్రాంతీ, జర కూసో. నువ్వు గూడ నేర్చుకో" అంది అక్క.

నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. అలాంటి విద్యలు నాకు అక్కర్లేదు. సందు మొదటి దాకా అక్క నవ్వు వినిపించింది.

ఫిబ్రవరి 20, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. రాస్తే తప్పెవరిదో తేలుతుంది.

పార్వతమ్మ ఇంటి ముందర గదిలో కూర్చున్నాం. ఆవిడ మంచం మీద, పక్కన అక్క. రాకేశ్ కుర్చీలో ఫోను చూసుకుంటూ. కిరాణా సంగప్ప గడప మీద, పిలవకుండానే. నేను వీరప్ప వెనక.

"మొబైల్ దుకాణపోళ్ళు పన్నెండు వేలిస్తమంటున్రు" అన్నాడు రాకేశ్.

"ఇస్తమనుడు వేరు, ఇచ్చుడు వేరు. వాళ్ళు ఆర్నెల్లకు బోర్డు పీక్కపోతరు. ఈ పిల్ల పెంక పెట్టిందంటే పదేండ్లు కదలదు" అన్నాడు వీరప్ప.

ఒప్పుకోవాలి, బాగా కొట్లాడాడు. రంగులేసి పొగగొట్టం పెట్టుకునేదాకా కిరాయి వద్దన్నాడు. మీటరు ఇంటివాళ్ళే పెట్టాలన్నాడు. ఏటేటా పెంపు పది శాతమంటే ఐదుకు తెచ్చాడు. రెండు తాళంచెవులూ మాకే అన్నాడు. రాకేశ్ తొమ్మిది వేల దగ్గర ఆగాడు. పక్క మడిగెలవి కూడా తొమ్మిదే, అంతకు పైసా తగ్గేది లేదన్నాడు. మావల్ల అయ్యేది ఐదు. అక్క తలొంచుకుంది.

అప్పుడు వీరప్ప భుజం మీది తువ్వాల తీశాడు. "మా చెన్నబసప్ప తువ్వాల లేకుంట ఎన్నడు బేరం ఖాయం చెయ్యలే. ఆడోళ్ళిద్దరు చెయ్యి కలుపున్రి, శుభం" అన్నాడు. "పాత రివాజులు" అని రాకేశ్ మళ్ళీ ఫోనులోకి పోయాడు.

అక్క చేతి మీద, పార్వతమ్మ చేతి మీద తువ్వాల పడింది. రెండు చేతులూ దాని కింద కదిలాయి. అక్క ముఖం మారిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకేం తెలుసు? చీకట్లో నొక్కుతున్నారనుకున్నాను. తొమ్మిది పైకి చెప్పి లోపల ఇంకెంతో అడుగుతున్నారనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. వీరప్ప "బిడ్డా ఆగు" అంటూనే ఉన్నాడు. తువ్వాల పట్టి గుంజేశాను.

"ఏం పిండుతున్నారో నోటితో చెప్పండి! అందరూ వినాలి!"

అక్క నాలుగు వేళ్ళు పార్వతమ్మ పిడికిట్లో ఉన్నాయి. బొటనవేలు ఒక్కటే బయట.

ముందు నోరు తెరిచింది సంగప్ప. "నాలుగా! ఏండ్లకొద్ది నాతాన తొమ్మిది తీస్కుంట, గీమెకు నాలుగా అమ్మా?"

రాకేశ్ లేచి నిలబడ్డాడు. తల్లిని చూశాడు. "నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?" అన్నాడు. అందరి ముందరా. పార్వతమ్మ అక్క వేళ్ళు ఒక్కొక్కటే వదిలింది. చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, అది తనది కానట్టు దాన్నే చూస్తూ కూర్చుంది.

"నడువున్రి. మడిగె లేదు గిడిగె లేదు" అన్నాడు రాకేశ్.

ఫిబ్రవరి 21

మేలైనా సరే, చీకట్లో చేసేది మేలు కాదు. కొడుకును మోసం చేసి ఇచ్చే మడిగెలో అక్క తలెత్తుకుని ఎలా కూర్చుంటుంది? నేను ఒక అబద్ధాన్ని బయటపెట్టాను. అంతే నేను చేసింది.

అక్క రొట్టెలు చేసింది. పెట్టింది.

ఫిబ్రవరి 22

నేను చేసింది అంతే.

ఫిబ్రవరి 25

దలాల్ లేకుండానే సాధిస్తాను. ఈ రోజు రెండు మడిగెల ఓనర్లు లోపలికి పిలిచి చాయ్ కూడా ఇచ్చారు. ఒకాయన అడ్వాన్సు దాకా వచ్చి ఆగి, నన్ను తేరిపారా చూశాడు. "పార్వతమ్మ ఇంట్ల తువ్వాల గుంజింది నువ్వేనా?"

రెండో ఆయనకు కూడా తెలుసు. పెద్దాయన, నెమ్మదిగానే చెప్పాడు. "కోపానికి రాకు బిడ్డా. కిరాయికుండేటోళ్ళకు, ఇంటోళ్ళకు నడుమ నూరు మాటలుంటయి. అన్ని బజార్ల పడేస్తవంటే మాకు భయమైతది."

మార్చి 2, ఆదివారం

అక్క పొద్దున పెంక మీద రొట్టె తిప్పుతూ, నన్ను చూడకుండా అంది. "ఎంత మెత్తగ పట్టుకున్నదిరా. దెబ్బ తాకిన చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నది."

చొక్కా వేసుకుని వీరప్ప దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద గడ్డం గీసుకుంటున్నాడు. కొట్టినా బాగుండేది. అద్దం పక్కకు పెట్టి కూర్చోమన్నాడు.

"కాగితం మీద తొమ్మిదే ఉంటుండె. మీ అక్క నెలనెల తొమ్మిది కొడుకు చేతిల పెడుతుండె. అండ్ల ఐదు పార్వతమ్మ మల్ల మీ అక్కకు ఇస్తుండె. ఆమెకు ఒక బర్రె ఉన్నది. ఆ పాల పైసలు ఒక్కటే ఆమె సొంతం, ఆ ఐదు అండ్లకెల్లే."

"ఎందుకు? అక్క ఆవిడకు ఏమవుతుంది?"

"నాకేం ఎరుక? తువ్వాల కింద ధర చెప్తరు, కారణం చెప్పరు. నేను అడగలే."

తర్వాత నేనే అడిగాను, ఆ వేళ్ళ లెక్క నాకు నేర్పమని. ఎందుకడిగానో తెలియదు. ఇప్పుడు దేనికి. ఆయన తువ్వాల తెచ్చి నా చేతి మీద వేశాడు. ఒకటి, రెండు, మూడు. పిడికిలి మొత్తం పడితే ఐదు.

"చెయ్యి వట్టిగ ఇడిస్తే బేరం చెడినట్టు. బొటనేలు గట్టిగ ఒత్తి పట్టుకుంటే, ఇయ్యాల కుదరలే గని మల్ల అంగడికి వస్త, ఎద్దును ఇంకొకలకు ఇయ్యకు అని. గట్ల ఒత్తి పోయినోళ్ళు రాకుంట ఉన్నది నేను చూడలే."

మార్చి 3

కరపత్రం పొయ్యిలో వేద్దామనుకున్నాను. వెయ్యలేదు. అందులో తప్పేమీ లేదు. రాసినవాడికి వీరప్ప తెలియడు, అంతే.

మార్చి 9, ఆదివారం

పార్వతమ్మను కలిశాను. రాకేశ్ లేని వేళ చూసి పోయాను. దొంగలాగా. ఆవిడ బర్రెకు కుడితి పెడుతోంది. క్షమించమన్నాను.

"ఏడువకు. మొగపిల్లగానివి" అంది. ఏడుస్తున్నానని నాకు తెలియదు.

"రాకేశ్‌తో నేను మాట్లాడతానమ్మా. తప్పు నాదని చెప్తాను."

"వద్దు బిడ్డా. ఇంక ఎవ్వరికి ఏం చెప్పకు." కుడితిలో చెయ్యి పెట్టి తవుడు కలిపింది. "ఇల్లు నా కొడుకుది, మడిగెలు నా కొడుకుయి. మా ఆయన ఉన్నప్పుడు అన్ని ఆయనయి. ఆ తువ్వాల కింద జానెడు జాగ ఒక్కటి నాది ఉండె."

తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, "పిల్ల రొట్టెలు చేస్తున్నదా?" అంది.

చేస్తోందన్నాను.

"బర్రె పాలిప్పుడు రాకేశే పోస్తున్నడు డెయిరీకి" అంది.

మార్చి 15

పార్వతమ్మ మడిగెలో మొబైల్ దుకాణం తెరిచారు. రెండు పెద్ద స్పీకర్లు పెట్టి పొద్దటి నుంచి పాటలు. వాళ్ళ కరపత్రాలు మా ప్రెస్సులోనే అచ్చయ్యాయి. మడిచింది నేనే.

మార్చి 21

వీరప్ప మామ మా కోసం తిరుగుతూనే ఉన్నాడు. కోహీర్ దాకా పోయి వచ్చాడు. కమిషన్ మాట ఎత్తడం లేదు. పేరు చెప్పగానే ఇంటివాళ్ళు, "ఆ తమ్ముడున్నోళ్ళా?" అంటున్నారు. ఆయన చెప్పలేదు. ఆయన వెనక నిలబడి నేనే విన్నాను.

"నేను ఊళ్ళో ఉండనని చెప్పు మామా. హైదరాబాద్ పోతాను. అక్క ఒక్కతే ఉంటుందని చెప్పు" అన్నాను.

"ఒక్క ఆడిమనిషికి అసల్కే ఇయ్యరు బిడ్డా. నువ్వు ఉన్నవని ఇయ్యరు, లేకపోయినా ఇయ్యరు."

మార్చి 27

అక్క పెంక తోముతోంది. బూడిద, పీచు, మళ్ళీ బూడిద. అంత తెల్లగా ఎప్పుడూ తోమలేదు. గదిలో మూలకు బోర్లించి పెట్టింది.

"తీసుకుపోవా?"

"ఆడ ఉన్నది పెంక. ఇది ఈడ్నే ఉండని."

మాటిచ్చింది హుమ్నాబాద్ వాళ్ళకు, దేవుడికి కాదు, పోకపోతే ఏం చేస్తారు, పోలీసుల దగ్గరికి పోదాం, చట్టం ఉంది, అంటూ అరిచాను. ఆమె అంతా విన్నది.

"నేను గా మాట ఇచ్చినందుకే బాపు తల ఎత్తుకొని ఊరికి పోయిండు. మాట తప్పితే మల్ల ఎవ్వరు నాతోని బేరం చెయ్యరు క్రాంతీ. మడిగె ఇచ్చేటోళ్ళు గూడ."

మార్చి 30, ఉగాది

అక్క పచ్చడి చేసింది. నాకు గిన్నెలో పోసి తను తాగలేదు. బాపు వచ్చాడు, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

సాయంత్రం బావ ఫోను చేశాడు. రేపు పొద్దున వస్తానని.

మార్చి 31, సోమవారం

వచ్చాడు. శివశంకర్ బావ. ఇస్త్రీ చొక్కా, నాకోసం స్వీటు డబ్బా. "ఎట్లున్నవ్ బామ్మర్దీ?" అన్నాడు. మంచోడే. అందరూ అన్నట్టే. నేను బాగున్నానన్నాను. ఇంకేమీ అనలేదు. అక్క నావైపు ఒకసారి చూసింది.

వీరప్ప మామ బస్టాండుకు వచ్చాడు. భుజం మీద తువ్వాల సర్దుకుని వేపచెట్టు కింద నిలబడ్డాడు.

హుమ్నాబాద్ బస్సు వచ్చింది. బావ బ్యాగు ఎక్కించి సీటు పట్టుకోవడానికి లోపలికి పోయాడు. కిటికీలోంచి తల పెట్టి "తొందరగ రా" అన్నాడు. అక్క నా దగ్గరికి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుంది. మీద కొంగు కప్పింది.

"ఏమైంది?" అన్నాడు బావ కిటికీలోంచి.

"ఏం లేదు. పోరగాని చెయ్యి సల్లగున్నది" అంది అక్క, నన్నే చూస్తూ.

కొంగు కింద తన చెయ్యి కదిలింది. చెప్పాల్సింది చెప్పింది. నాకు అర్థమైంది.

కండక్టరు విజిల్ వేశాడు. బావ చూస్తున్నాడు. బాపు చూస్తున్నాడు. బస్టాండంతా చూస్తోంది. నేను కొంగు ముట్టుకోలేదు. ఆమె తనంతట తాను తీసేదాకా కదలకుండా నిలబడ్డాను.

ఏ వేలు పట్టుకుందో ఇక్కడ కూడా రాయను.

రేపు పొద్దున వీరప్ప మామ దగ్గరికి పోవాలి. వెనక గోడకు పొగగొట్టం పట్టే మడిగె చూడమని చెప్పాలి. రెండు తాళంచెవులూ ఆమెవే కావాలి. బేరం కాడ నేను వెనకే నిలబడతాను.